అద్దం వెనక ఉక్కపోత

ప్రాసెసర్ కూలర్ కొనేటప్పుడు నేను చూసింది లైట్లని. ఇప్పుడు ధైర్యంగా ఒప్పుకుంటున్నాను గానీ, అప్పట్లో ఎవరైనా అడిగితే రేడియేటర్ సైజు, పంపు వేగం అంటూ గంటసేపు క్లాసు పీకేవాణ్ణి.

నాది రైజెన్ 5 5600ఎక్స్. 65 వాట్ల చిప్పు, పెట్టెలోనే చిన్న కూలర్ కూడా ఇస్తారు. సంక్రాంతికి వచ్చిన బావలతో అర్ధరాత్రి దాకా ఆడినా అది కిక్కురుమనలేదు. ఎండలు ముదిరాక మొదలైంది కథ. రాజమండ్రి ఎండ సంగతి కొత్తగా చెప్పాలా? రోహిణి కార్తెలో గోదారి గట్టు మీద కూడా ఆకు కదలదు. నాదేమో మేడ మీద గది, పగలంతా కాలిన శ్లాబు కింద. మధ్యాహ్నం ఆట మొదలెట్టిన కాసేపటికే ప్రాసెసర్ 95 డిగ్రీలకి చేరేది. ఆ చిప్పుకి అదే హద్దు. అక్కడికొస్తే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆటలో కార్లు ఆగి ఆగి కదిలేవి. అదే ఆట తెల్లవారుజామున హాయిగా నడిచేది. ఇంత ఆధారం కళ్ల ముందున్నా నా బుర్రలో లైటు వెలగలేదు. లైట్లున్న లిక్విడ్ కూలర్ మాత్రం ఆర్డర్ పెట్టేశాను.

ప్రాసెసర్ ధరలో దాదాపు సగం పోసి కొన్న ఆ 240 మిల్లీమీటర్ల రేడియేటర్‌ని కేబినెట్ ముందు అద్దం వెనకే బిగించాను. లైట్లు కనపడాలి కదా మరి! తగ్గింది ఐదారు డిగ్రీలు. థర్మల్ పేస్టు తుడిచి మళ్లీ రాశాను. పంపు చెడిందేమోనని అమ్మినవాళ్లతో ఫోన్లో గొడవ కూడా పెట్టుకున్నాను. పాపం, వాళ్ల తప్పేం లేదు.

రైసు మిల్లు నడిపే మా మావయ్య ఓ మధ్యాహ్నం వచ్చి, లైట్లు చూస్తాడనుకుంటే అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. "ఇది గాలి ఎటునుంచి పీల్చుకుంటాదిరా?" అన్నాడు. ఫ్యాన్ల లెక్క చెప్పబోయాను. "ఫ్యాన్లు సరేరా, గాలేదీ?" అంటూ అద్దం అంచు వెంబడి వేలు పోనిచ్చాడు. వేలి గోరు మాత్రమే దూరే సందు. ఆ సందు పొడవునా నల్లటి దుమ్ము, నూలుపోగులు. ఇన్నాళ్లూ అక్కణ్ణుంచే అది ఊపిరి పీల్చుకుంటోందన్నమాట.

స్క్రూలు విప్పి అద్దం పక్కన పెట్టాను, ఆట నడుస్తుండగానే. తెర మూలనున్న అంకె 89. చూస్తుండగానే 86, 83... కాసేపటికి 78 దగ్గర నిలబడింది. మావయ్య నా వంక చూశాడు. "ఆయ్" అన్నాను, ఇంకేమనడానికీ నోరు రాలేదు.

నీళ్లు తిప్పినా, రాగి గొట్టాలతో లాగినా ఆ వేడి చివరికి గదిలో గాలికే చేరాలి. గది వేడికన్నా తక్కువకి చిప్పుని దించడం ఈ కూలర్లలో దేని వల్లా కాదు. గది 28 నుంచి 40కి పోతే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అంతే పైకి పోతుంది. వీడియోల్లో చూసి నేను నమ్ముకున్న కూలర్ పరీక్షలన్నీ ఇరవై చిల్లర డిగ్రీల గదుల్లో చేసినవి. గది వేడికి పైన ఎన్ని డిగ్రీలో కొందరు వేరే వరసలో ఇస్తారు. చూడాల్సింది అదే. బోరుకొట్టి నేను దాటేసిందీ అదే.

తర్వాత ముందంతా జాలీ ఉన్న కేబినెట్, నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి ఉన్న మామూలు టవర్ కూలర్ కొన్నాను. ఎత్తు కొలవకుండా కొన్నందుకు పక్క తలుపు పడక దాన్ని మార్పించుకోవాల్సి వచ్చింది. అది వేరే బుద్ధితక్కువ.

మీరూ ఈపాటికి వీడియోలు చూసి ఏదో ఒకటి కార్టులో వేసే ఉంటారు. ఆర్డర్ నొక్కే ముందు మిట్టమధ్యాహ్నం కేబినెట్ ముందు పలక ఊడదీసి ఓ అరగంట ఆడి చూడండి. అంకె పడిపోతే ఆ డబ్బులో కొంతతో జాలీ కేబినెట్ కొనుక్కోండి. పడకపోతే అప్పుడు కూలర్ సంగతి ఆలోచించండి, ముందు టేపు పట్టుకుని ఎత్తు కొలుచుకుని.