మాటలాడు బొమ్మలు – మన పసిబిడ్డలు



మీట నొక్కినంతనే పాట పాడు బొమ్మలు, అక్షరములు పలుకు పలకలు నేడు మన ద్వీపమున ననేక గృహములలో కానవచ్చుచున్నవి. మూడేండ్ల మా మనుమరాలికిని అట్టి పలక యొకటి కలదు. ఆంగ్లాక్షరములు ఇరువదియారును అది ఆ పలకవలననే నేర్చినది. చూచి సంతోషించితిని. పిదప నాకు గలిగిన యాలోచనను మీ యెదుట నుంచుచున్నాను.

ఈ బొమ్మల చరిత్ర మిక్కిలి ప్రాతది కాదు. 1978వ సంవత్సరమున అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థవారు ‘స్పీక్ అండ్ స్పెల్’ అను బొమ్మను విక్రయమునకు తెచ్చిరి. అంతకుముందు త్రాడు లాగిన మాటలాడు బొమ్మల కడుపులో చిన్న గ్రామఫోను రికార్డు తిరుగుచుండెడిది. దీనియందో, మనుష్య కంఠధ్వనిని అంకెలుగా దాచుకొని, మరల ధ్వనిగా వెలువరించు చిప్పు అమర్చబడెను. బొమ్మ యొక మాట పలుకును. బిడ్డ దాని యక్షరములను వరుసగా నొక్కవలెను. తప్పైనచో మరల ప్రయత్నింపుమనును. దానికి విసుగు లేదు, కోపము లేదు. ఇది గొప్ప గుణమే.

అయినను అక్షరము పలుకుట వేరు, బిడ్డతో మాటలాడుట వేరు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఆనా సోసా యను పరిశోధకురాలు, 10 మొదలు 16 నెలల వయసుగల 26 మంది బిడ్డలు తలిదండ్రులతో నాడుకొనుచుండగా వారి మాటలను ముద్రించి పరిశీలించి, 2015 డిసెంబరున ఫలితములు ప్రకటించిరి. ఎలక్ట్రానిక్ బొమ్మలతో నాడించునపుడు పెద్దలు నిమిషమునకు సుమారు 40 మాటలు పలికిరి, మామూలు బొమ్మలతో 56, పుస్తకములతో 67. పరిశోధన చిన్నదే, కాని బొమ్మ మాటలాడుచుండగా పెద్దలు మాటలు తగ్గించుట మన యిండ్లలోను చూచుచున్నదే గదా!

ఈ సంగతి మనకు మరింత ముఖ్యము. క్రియోలును వీధి నేర్పును. ఆంగ్లమును, ఫ్రెంచిని బడి నేర్పును. తెలుగునకు బడిలో నొక గంట, గుడిలో నొక గంట యున్నను, పసితనమున ఇల్లే దిక్కు. చెరకుతోటలలో మన పూర్వులు బిడ్డలకు తెలుగు నిచ్చినది నోటిమాటతోనే. మా మనుమరాలి పలక ‘బాల్’ అనును, ‘బంతి’ యనదు. తెలుగు పలుకు ఫోను ఆటలు నేడు లేకపోలేదు. అవి ‘బంతి’ యనవచ్చును. కాని ఆ బంతి మంచము క్రిందికి దొర్లినదని, బిడ్డ దానికై యేడ్చుచున్నదని వానికి తెలియదు. నానమ్మకు తెలియును. “బంతి ఎక్కడ పోయిందే, తల్లీ?” అని యామె యడిగినపుడు బిడ్డ చెప్పు బదులే భాష.

కావున బొమ్మలను పారవేయుడని నేననను. బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. బొమ్మ యొక మాట పలికినచో దానిని తెలుగున మీరు పలుకుడు. పిదప మీట కట్టి, బిడ్డను మాటలాడనిండు. తెరగల పరికరములను ఏడాది నిండని బిడ్డలకు చూపవలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. బిళ్ళవంటి చిన్న బ్యాటరీల మూత మరతో బిగించియున్నదో లేదో తప్పక చూడుడు. మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చును. తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను.

తాతలారా, నానమ్మలారా, అమ్మమ్మలారా! ప్రతిదినము రాత్రి భోజనమునకు ముందు పావుగంట మనుమలతో తెలుగున మాటలాడుడని నా మనవి.