జుమ్మేరాత్ బజారులో మా సకినాలు

హైదరాబాదులో, 1578లో కుతుబ్‌షాహీల కాలాన మూసీనదిపై కట్టిన పురానాపూల్‌కు చేరువలో, ప్రతి గురువారం ఒక సంత జరుగుతుంది. ఉర్దూలో జుమ్మేరాత్ అంటే గురువారమే కనుక దానికి జుమ్మేరాత్ బజారని పేరు. పాత తాళాలు, తిరగని పంకాలు, ఎవరో తొడిగి విడిచిన బట్టలు అక్కడ నేలమీద పరచి అమ్ముతారు. డిగ్రీ చదివే రోజుల్లో ఆ పాతసరుకుల నడుమ కూర్చుండి మేము సకినాలు అమ్మేవారము. హాజరుపట్టీలో మా గురువారాలన్నీ ఖాళీగా ఉండేవి. ఈ విషయంలో మాత్రం మా విద్యార్థులు మమ్ములను ఆదర్శంగా గైకొనరాదని మనవి.

సకినం తెలంగాణ పల్లెల్లో సంక్రాంతికి చేసే పిండివంట. వరంగల్లు జిల్లాలోని మా ఊరిలో పొరుగింటి అవ్వ వద్ద అమ్మీ దానిని నేర్చుకున్నది. బియ్యం రాత్రంతా నానబోసి, నీరు వార్చి, తడిగా ఉండగానే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి తడపాలి. ఆ పిండిని వేళ్ల నడుమ మెలిపెడుతూ పరచిన బట్టమీద చుట్లుచుట్లుగా చుట్టాలి. బట్ట తడిని పీల్చుకొనేదాకా ఓపిక పట్టి, పిమ్మట నూనెలో వేయాలి. మా తండ్రిగారు గతించి మేము నగరం చేరిన తరువాత ఆ విద్యయే ఇంటికి ఆధారమైంది.

మొదటి వారం ఒకాయన మా డబ్బాలోకి తొంగిచూచి, "ఇవి కూడా పాతవేనా?" అని అడిగాడు. చుట్టుపక్కలవారు నవ్వారు. మాకు రోషం వచ్చింది. ఈ బజారులో కొత్త సరుకు మాదొక్కటే గదా అని లోలోపల గర్వపడ్డాము.

మా పక్కన ఒక వృద్ధుడు తాళాలు అమ్మేవాడు. అందరికీ ఆయన తాళాల చాచా. కొనేవాడు అడగకముందే, "దీనికి చెవి లేదు", "ఇది సగం తిరిగి పట్టేస్తుంది" అని తానే చెప్పేవాడు. ఆయనకు వ్యాపారం తెలియదని మేము జాలిపడేవారము.

ఒక గురువారం వాన కురిసి సంత చెదిరిపోయింది. డబ్బాలోకి చెమ్మ చేరి సకినాలు మెత్తబడ్డాయి. అమ్మీ వాటిని వేరుగా తీసి, "ఇవి ఇంట్లోకి" అన్నది. మరుసటి వారం పరీక్ష రుసుము కట్టవలసి ఉంది. ఆమె చూడకుండా ప్రతి పొట్లంలో నాలుగు కొత్తవి పైన, రెండు మెత్తనివి అడుగున పెట్టాము. మధ్యాహ్నానికే డబ్బా ఖాళీ అయింది.

సాయంత్రం చాచా తాను కొన్న పొట్లం తెచ్చి మా ముందు పెట్టాడు. డబ్బు తిరిగి అడగలేదు. "నా తాళాల తుప్పు పైకే కనిపిస్తుంది బేటా. నీ తుప్పు కొరికితే గాని తెలియలేదు" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మీకి జరిగింది చెప్పాము. ఆమె తిట్టలేదు. "కొన్నవాళ్లను వెతికి మంచివి ఇచ్చి రా" అన్నది. సంతలో కొన్నవారిని ఎక్కడ వెతకగలము? నాలుగు వారాలపాటు ముఖాలు గుర్తుపట్టి ముగ్గురికి మాత్రం ఇవ్వగలిగాము. తక్కినవారు మళ్లీ కనబడలేదు. రుసుము కట్టాము, పరీక్ష ఉత్తీర్ణులమైనాము. ఆ బాకీ మాత్రం అట్లే ఉన్నది.

ఇప్పుడు మేము పాఠం చెప్పి జీవిస్తున్నాము. పాత నోట్సుమీద రెండు కొత్త మాటలు చల్లి గంట గడుపుదామన్న ఆలోచన మాకు రాదని చెప్పము. అలసిన రోజున వస్తుంది. అప్పుడు ఆ పొట్లం గుర్తుకు వస్తుంది. తరగతిలో తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు, "తెలియదు, రేపు చూచి చెబుతాము" అంటాము. కొందరు విద్యార్థులు నవ్వుకుంటారు. నవ్వనీ. చెవి లేని తాళాన్ని చెవి లేదని చెప్పి అమ్మినవాని పక్కన కూర్చుండి చదువుకున్నవారము మేము.