కొత్త సీలు, పాత హబ్బు

విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకునే రోజుల్లో మా షెడ్డుకు ఎక్కువగా వచ్చేవి టాటా లారీలే. వాటి 697 ఇంజనుకు మూలం బెంజ్ వాళ్ల డిజైను. 1954లో మొదలైన టాటా–బెంజ్ ఒప్పందం 1969లో ముగిసినా, ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు ఉన్న ఆ ఇంజను మాత్రం మన రోడ్ల మీద నిలబడిపోయింది. బోరు పని చేయిస్తే చాలు, మళ్లీ ఏళ్ల తరబడి లోడు లాగేది.

ఒకరోజు ధాన్యం తోలే లారీ వచ్చింది. క్రాంకు ముందు సీలు కారి, పుల్లీ మీద పడిన ఆయిలును ఫ్యాను ఇంజను నిండా చిమ్మేసింది.

"మొన్ననే కొత్త సీలు వేయించా మేస్త్రీ! అప్పుడే కారుతోంది. సామాను నకిలీదంటారా?" అన్నాడు డ్రైవరు.

మా మేస్త్రి సీలు జోలికి పోలేదు. ఇంజను స్టార్ట్ చేయించి, ఆయిలు పోసే మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టాడు. పొగ గుప్పుగుప్పున చేతిని తన్నింది. బ్రీదర్ గొట్టం ఊడదీస్తే లోపల నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంది. రింగులు అరిగిన ఇంజనులో బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్లోంచి కిందికి జారే గాలి, ఎలాగూ ఉంటుంది. ఆ గాలికి బయటికి దారి లేకపోతే, ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి ఆయిలును తోసుకొస్తుంది. అప్పుడు ఎంత మంచి సీలైనా ఆగదు. గొట్టాన్ని డీజిల్లో నానబెట్టి కడిగి బిగించాక చేతికి తగిలే పొగ జోరు బాగా తగ్గింది.

తర్వాత పుల్లీ దించి, సీలు రాసుకునే దాని హబ్బును గుడ్డతో తుడిచి, "గోరు పెట్టి గియ్యరా" అన్నాడు నాతో. గీస్తే ఒకచోట గోరు టక్కున ఆగింది. పాత సీలు పెదవి ఏళ్ల తరబడి రాసుకుని ఇనుములో గాడి చేసింది. కొత్త సీలు పెదవి కూడా సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటోంది.

"సామానుది తప్పు కాదయ్యా, అది కూర్చునే చోటుది" అన్నాడు డ్రైవరుతో.

కొత్త సీలును స్ప్రింగు ఉన్న వైపు లోపలికి తిప్పి, పెదవికి ఆయిలు రాసి, సరిపడా పైపు ముక్క ఆనించి, చుట్టూ సమంగా తడుతూ దించాడు. అడుగుదాకా కొట్టకుండా రెండు మిల్లీమీటర్లు ముందే ఆపాడు. దాంతో పెదవి అరగని ఇనుము మీదికి వచ్చింది. గాడి మరీ లోతుగా ఉంటే హబ్బును లేత్ మీద తిప్పించి స్లీవు తొడిగించేవాళ్లం. ఇప్పుడైతే పావు మిల్లీమీటరు పైచిలుకు మందం ఉండే స్టీలు స్లీవులే దొరుకుతున్నాయి.

ఇంజను కింది ఆయిల్ చాంబరూ తడిగానే ఉంది. ఎవరో బోల్టులు బలంకొద్దీ బిగించడంతో రేకు అంచు రంధ్రాల దగ్గర ఉబ్బి, కార్కు ప్యాకింగు నలిగి చీలిపోయింది. అలాంటి అంచుకు కొత్త ప్యాకింగు వేసినా దండగే. మేస్త్రి దాన్ని దిమ్మె మీద పెట్టి సుత్తితో చదును చేశాకే ప్యాకింగు పరిచాడు. డ్రెయిన్ బోల్టు రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. నలిగి గట్టిపడిన రాగి అలా మెత్తబడి మళ్లీ సరిగ్గా కూర్చుంటుంది.

ఈ రోజుల్లో చాలామంది ఈ ఓపికంతా వదిలేసి సిలికాన్ దట్టంగా పూసేస్తున్నారు. లోపలికి ఉబ్బిన సిలికాన్ ఊడి ఆయిల్ జల్లెడకు అడ్డం పడితే బేరింగులకు ఆయిలు అందక క్రాంకే పోతుంది. లీకు ఆపబోయి ఇంజనును చంపుకోవడమే అది.

ఆ లారీ గన్నవరం దాకా వెళ్లొచ్చాక పుల్లీ వెనక వేలు పెట్టి చూశాం. పొడిగా ఉంది. ఇప్పటికీ నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు బ్రీదర్ కడిగి, హబ్బు మీద గోరు గీసి చూశాకే కొత్త సీలు పెట్టె విప్పాలి.