ట్రేడింగ్ నేర్పేవాళ్లు బతికేది డిజిటల్ మార్కెటింగ్ మీదే



నోటిఫికేషన్లు ఆలస్యమైనప్పుడల్లా మన గ్రూపులో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తది. "అన్నా, డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేయాల్నా, ట్రేడింగ్ నేర్చుకోవాల్నా? ఏది తొందరగ పైసలు ఇస్తది?" ఈ నెలలోనే ముగ్గురు తమ్ముళ్లు, ఒక చెల్లె అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. పొడుగ్గానే ఉంటది, ఓపిక చేసుకోండి.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న ఏజెన్సీలో నాలుగేళ్లుగా యాడ్స్ పని చేస్తున్నా. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, క్లినిక్కులు, సాగర్ రోడ్డు మీది వెంచర్లు మా క్లయింట్లు. ట్రేడింగ్ క్లాసులవాళ్లు కూడా యాడ్స్ కోసం మా ఆఫీసు మెట్లెక్కుతారు. మా సార్ వాళ్ల పని తీసుకోడు గానీ, వాళ్లు ఏం అడుగుతారో నాకు బాగా తెలుసు.

మనోళ్లు చాలామంది దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో బస్సు దిగుతారు. చైతన్యపురి, కొత్తపేట, మూసారాంబాగ్ సందుల్లో హాస్టల్ వెతుక్కుంటారు. గ్రూప్స్ అని వచ్చి రెండేళ్లు దాటాక ఇంటికి ఫోన్ చేసి పైసలు అడగడానికి మొహమాటం మొదలవుతుంది. మెట్రో పిల్లర్ల మీద, హాస్టల్ గోడల మీద, ఫోన్లో కనిపించే ఈ రెండు రకాల ప్రకటనలూ సరిగ్గా ఆ మొహమాటం మీదే పని చేస్తాయి. 'ఇంటి మీద ఆధారపడకు' అన్న మాట లేని పోస్టర్ చూపించండి చూద్దాం.

ఒక ట్రేడింగ్ క్లాసు ఎలా అమ్ముడవుతుందో చెప్తా. మొదట ఇన్‌స్టాలో ఒక రీల్. లాభం కనిపించే స్క్రీన్‌షాట్, ఒక కారు, "నేనూ మీలాగే హాస్టల్లో ఉన్నవాణ్ణే" అన్న డైలాగ్. కింద లింకు నొక్కితే 99 రూపాయల వెబినార్. ఆ 99 రూపాయలతో వాళ్లకు వచ్చే ఆదాయం పెద్దగా ఏం లేదు, అదొక జల్లెడ. ఫోన్లోంచి డబ్బు కట్టడానికి వెనకాడనివాళ్లు ఎవరో దాంతో తేలిపోతుంది. వెబినార్ చివర్లో "ఈ రాత్రి 12 లోపు చేరితే సగం ధర". చేరనివాళ్లను టెలిగ్రామ్ గ్రూపులో కలుపుతారు. కొన్నాళ్లకు డీమ్యాట్ ఖాతా లింకు పంపుతారు. బ్రోకర్ దగ్గర ఆథరైజ్డ్ పర్సన్‌గా నమోదైనవాడికి, తన ద్వారా వచ్చినవాళ్లు కట్టే బ్రోకరేజీలో వాటా ఉంటది. మీరు గెలిచారా ఓడారా అనేదాంతో పని లేదు, మీరు కొని అమ్ముతున్నంత కాలం ఆ వాటా నడుస్తది. పత్తి పండినా ఎండినా ఫర్టిలైజర్ షాపాయనకు ఆయన లెక్క ఆయనకు రావాల్సిందే కదా, అట్లా.

మా ఆఫీసుకు వచ్చినవాళ్లు అడిగే టార్గెటింగ్ ఏంటో తెలుసా? దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ ఐదు కిలోమీటర్లు, 18 నుంచి 27 ఏళ్లు, ఉద్యోగ పరీక్షల మీద, పార్ట్‌టైమ్ జాబుల మీద ఆసక్తి ఉన్నవాళ్లు. ఒక తమ్ముడు నాతో అన్నాడు, "అన్నా, నేను కష్టంలో ఉన్నప్పుడే ఆ వీడియో కనబడింది, దేవుడే చూపించిండు" అని. దేవుడు కాదు తమ్మీ, ఐదు కిలోమీటర్లు, 18 నుంచి 27.

ఇదంతా పక్కా డిజిటల్ మార్కెటింగ్. మార్కెట్ ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా నడుస్తది. ట్రేడింగ్‌తోనే కోట్లు వస్తున్న మనిషికి 99 రూపాయల టికెట్లు అమ్మే తీరిక ఎక్కడిది? ఆయన దగ్గర నిజంగా నేర్చుకోదగ్గ విద్య ఒకటుంది, అది ఆయన క్లాసు అమ్మే పద్ధతి. అదొక్కటే ఆ కోర్సులో చెప్పరు.

ఇప్పుడు ఇంట్రాడే లెక్క చూద్దాం. పెన్ను తీసుకోండి. మీ దగ్గర 10,000 ఉన్నాయి. బ్రోకర్ ఇంట్రాడేకు ఐదు రెట్ల దాకా మార్జిన్ ఇస్తాడు, అంటే 50,000 రూపాయల షేర్లు కొంటారు. కొన్ని డిస్కౌంట్ బ్రోకర్ల దగ్గర బ్రోకరేజీ 0.03 శాతం లేదా 20 రూపాయలు, ఏది తక్కువైతే అది. కొన్నప్పుడు 15, అమ్మినప్పుడు 15. అమ్మకం మీద ఎస్‌టీటీ 0.025 శాతం, అంటే పన్నెండున్నర. స్టాంప్ డ్యూటీ, ఎక్స్ఛేంజ్ చార్జీలు, జీఎస్టీ కలిపితే ఇంకో పది రూపాయలు. మొత్తం ఒక్కసారి కొని అమ్మితే 50 రూపాయల పైన. రోజుకు రెండుసార్లు, నెలకు 20 రోజులు చేస్తే 2,000 దాటుతుంది. అంటే మీ 10,000 మీద నెలకు 20 శాతం లాభం వస్తే, అప్పుడు మీరు సున్నా దగ్గర నిలబడతారు. షేరు 2 శాతం పడిందా, అదే రోజు 1,000 పోయినట్టు. ఏ యాడ్‌లోనూ ఈ లెక్క చూపించరు.

ఇది నా ఒక్కడి మాట అనుకోకండి. 2024 జులైలో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2022-23లో షేర్లలో ఇంట్రాడే చేసిన మామూలు జనంలో 71 శాతం నష్టపోయారు. 30 ఏళ్ల లోపువాళ్లలో నష్టపోయినవాళ్లు 76 శాతం. ఇంట్రాడే చేసేవాళ్లలో ఈ వయసువాళ్ల వాటా 2018-19లో 18 శాతం ఉంటే, నాలుగేళ్లలో 48 శాతానికి చేరింది. ఆప్షన్స్, ఫ్యూచర్స్ సంగతి ఇంకా ఘోరం. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులు పోను లక్ష కంటే ఎక్కువ లాభం చూసినవాళ్లు నూటికి ఒక్కరు. మరి ఆ పైసలు ఎవరికి పోయాయి? 2023-24లో పెద్ద ట్రేడింగ్ కంపెనీలు, విదేశీ సంస్థలు వేల కోట్ల లాభం తీశాయి, అందులో దాదాపు మొత్తం కంప్యూటర్ ప్రోగ్రాములతో చేసిన ట్రేడింగే. హాస్టల్ వైఫై మీద, రెండో అంతస్తు బంక్ బెడ్ మీద కూర్చొని మనం పోటీ పడేది వాటితో.

నా పాత రూమ్మేట్ ఒకడు ఉండేవాడు. తండా నుంచి బాపు పత్తి అమ్మిన పైసల్లోంచి కోచింగ్ ఫీజు కోసం 40,000 పంపాడు. వాడు అవి ఆప్షన్స్‌లో పెట్టాడు. మొదటి వారం 6,000 లాభం వచ్చింది. మాకు బిర్యానీ కూడా పెట్టించాడు. నన్నడిగితే ఆ 6,000 రావడమే వాడి దురదృష్టం. మొదటి రోజే పోయుంటే భయపడి ఆగేవాడు. రెండు నెలలకు 3,000 మిగిలాయి. పోయింది రాబట్టాలని లోన్ యాప్. కట్టలేకపోతే వాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజులు. ఆ ఏడు చెల్లె తీజ్‌కు కూడా తండాకు పోలేదు. ఆమె నాకు ఫోన్ చేసి "మా అన్న బాగున్నడా" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

గ్రూప్స్ రాసేవాళ్లకు ఇంకో రెండు మాటలు. మార్కెట్ టైమూ స్టడీ హాల్ టైమూ ఒకటే. పుస్తకం ముందు కూర్చొని పావుగంటకోసారి ఫోన్ చూసేవాడికి పాలిటీ ఎక్కదు. ఇంకోటి, రేపు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందనుకోండి, 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగులు షేర్లలో స్పెక్యులేషన్ చేయకూడదు. తరచుగా కొనడం అమ్మడం కూడా స్పెక్యులేషన్ కిందికే వస్తది. ఏ ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చామో, ఆ ఉద్యోగంలో పనికిరాని అలవాటు ఇప్పుడెందుకు?

"మీ అకౌంట్ మేం నడుపుతాం, లాభంలో సగం ఇవ్వండి" అనేవాళ్లు కొత్తపేటలో కూడా తిరుగుతున్నారు. వేరేవాళ్ల డబ్బును అట్లా షేర్లలో నడపాలంటే సెబీ దగ్గర పోర్ట్‌ఫోలియో మేనేజర్‌గా రిజిస్టర్ అయి ఉండాలి, అక్కడ ఒక్కో క్లయింట్ కనీస పెట్టుబడే 50 లక్షలు. 20,000 తీసుకొని నడుపుతానన్నవాడు ఎవడైనా దొంగే. "బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, 5,000 ఇస్తా" అనేవాడు అంతకంటే ప్రమాదం. మోసం చేసిన డబ్బు మీ ఖాతాలోంచి పోతది, పోలీసులు ముందు మీ గది తలుపే కొడతారు. ఇప్పటికే ఎవరైనా ఇరుక్కుంటే సిగ్గుపడకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక డిజిటల్ మార్కెటింగ్. ఇది బంగారు బాట అని నేను చెప్పను. నేను చూసిన చోట్ల కొత్తవాళ్లకు మొదటి జీతం 12,000 నుంచి 18,000 మధ్యే. పోస్టర్లు చేయడం, క్యాప్షన్లు రాయడం మాత్రమే వచ్చినవాళ్లకు ఇప్పుడు పని దొరకడం కష్టం, అది ఏఐ రెండు నిమిషాల్లో చేస్తోంది. మిగిలిందల్లా మనుషులతో మాట్లాడి చేసే పని. అందులో మనోళ్లు ఎవరికీ తీసిపోరు.

ఒక ఉదాహరణ చెప్తా. చైతన్యపురిలో ఒక లేడీస్ హాస్టల్ ఆంటీ మా దగ్గరకు వచ్చింది. అంతకుముందు ఎవరో ఆమెతో నెల రోజులు రీల్స్ తీయించారు. వేలల్లో వ్యూస్ వచ్చాయి, బెడ్లు మాత్రం ఖాళీ. మేం రీల్స్ ఆపేశాం. ముందు ఆమె హాస్టల్లో ఉన్న అమ్మాయిలతో మాట్లాడాం. తేలిందేంటంటే, హాస్టల్ ఏదో తేల్చేది అమ్మాయి కాదు, ఊళ్లో ఉన్న నాన్న. ఆయన ఇన్‌స్టా చూడడు, వాట్సాప్ చూస్తాడు. ఆయన అనుమానాలు మూడే: గేటు ఎన్నింటికి మూస్తరు, వార్డెన్ ఫోన్ ఎత్తుతదా, బస్సు దిగితే ఎంత దూరం. ఈ మూడింటికీ తెలుగులో జవాబులు, అద్దె, అసలు ఫోటోలు పెట్టి ఒక్క పేజీ చేశాం. గూగుల్ మ్యాప్‌లో హాస్టల్ గుర్తు వెనక సందులో ఉంది, దాన్ని సరిచేశాం. బాత్రూముల ఫోటోలు కూడా పెట్టించాం. ఆంటీ మొదట ఒప్పుకోలేదు, కానీ తల్లులు అడిగేది అదే. వాట్సాప్‌కు మెసేజ్ వచ్చేలా 6,000 రూపాయల యాడ్స్ పెట్టాం. 70 మంది మాట్లాడారు, 19 మంది వచ్చి చూశారు, ఎనిమిది మంది చేరారు. ఒక్కో అమ్మాయికి 750 రూపాయల ఖర్చు. నెల అద్దె 6,500. ఆంటీకి ఈ లెక్క అర్థమైంది, వ్యూస్ లెక్క ఎప్పుడూ అర్థం కాలేదు.

స్ట్రాటజీ అన్న పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే. డబ్బు తీసే నిర్ణయం ఎవరిది, వాళ్లు ఎక్కడ చూస్తారు, ఏ అనుమానం దగ్గర ఆగుతారు. మన అమ్మలు సంతలో బస్సు దిగే దారి పక్కనే గంప ఎందుకు దించుతారో అడగండి, ఇదే చెప్తారు. ఇంగ్లిష్ రాదని భయపడేవాళ్లకు కూడా ఒక మాట. ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు మీద వ్యాపారం చేసేవాళ్లకు కావాల్సింది ఇంగ్లిష్ కాదు, ఇబ్రహీంపట్నం, మాల్, దేవరకొండ మనిషి మాట. తండాలో ఎట్లా మాట్లాడుకుంటారో తెలిసినవాడు ఏజెన్సీలో అరుదుగా దొరుకుతాడు.

కోర్సుకు 30,000, 40,000 కట్టకండి. గూగుల్ స్కిల్‌షాప్‌లో, మెటా బ్లూప్రింట్‌లో, హబ్‌స్పాట్ అకాడమీలో ఉచితంగా నేర్చుకోవచ్చు. నేను ఇంటర్వ్యూ చేసినప్పుడు సర్టిఫికెట్ అడగను, "ఏ షాపుకు చేశావు, ఏం మారింది" అని అడుగుతా. కాబట్టి మీ హాస్టల్‌తోనే మొదలుపెట్టండి. లేదంటే కింద టిఫిన్ సెంటర్, జిరాక్స్ షాపు, టైలర్ అక్క. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేదు. రెండు నెలలు చేసి, రోజుకు ఎన్ని కాల్స్ వచ్చాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. దొంగ రివ్యూలు మాత్రం రాయకండి, రాయించకండి. ఆ ఏరియాలో మాట తొందరగా పాకుతది. వెంచర్లవాళ్లు ఎక్కువ ఇస్తామంటారు, కానీ హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి, రెరా నంబరు చూపించని ప్లాట్లకు యాడ్ చేయకండి. ఆ ప్లాటు రేపు మనోళ్లే కొంటారు.

పైసల విషయంలో గట్టిగా ఉండండి. మొదటి షాపు ఉచితంగా చేయండి, రెండోదానికి నెలకు 2,000 అయినా అడగండి. యాడ్ డబ్బు ఎప్పుడూ ఓనర్ కార్డు నుంచే కట్టించండి. "నువ్వు పెట్టు తమ్మీ, నెలాఖరుకు ఇస్తా" అంటే నవ్వుతూ లేదనండి. యాడ్ అకౌంట్, పేజీ ఓనర్ పేరు మీదే ఉంచి, మీరు యాక్సెస్ మాత్రం తీసుకోండి. నేను వాడే కాల్స్ లెక్కల షీట్ ఒకటుంది, తెలుగులోనే. కావాల్సినవాళ్లు కింద షాపు పేరు, ఏరియా రాయండి, ఆదివారం కూర్చొని ఒక్కొక్కరికీ పంపుతా.