పరుగు బూట్లు కొనేముందు

 

ఆటల గురించి రాయమంటే అందరూ కప్పుల గురించి, క్రమశిక్షణ గురించి రాస్తారు. నేను బూట్ల గురించి రాస్తాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఈసారి పరుగు పందాలకు మన హాస్టలు నుండి పదకొండు మంది పేర్లు ఇచ్చారు. వాళ్ళలో ఆరుగురు నా దగ్గరకు వచ్చి "నీ బూట్లు ఎక్కడ కొన్నావే, ఎంతకి కొన్నావే, ఏ కంపెనీ?" అని అడిగారు. తన కాలు ఎంతుందో ఒక్కరూ చెప్పలేదు. ఒక్కొక్కరికి చెప్పే బదులు గోడ మీద పెడితే అందరూ చదువుకుంటారని ఇది రాస్తున్నాను. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటిదాన్ని నేనే, కాబట్టి రాతలో తప్పులుంటే తెలుగు మేడమ్ గారు దిద్దగలరు.

మన కొండ ఊళ్ళలో చెప్పులు ఎలా కొంటారో మీకు తెలిసిందే. పిల్లల్ని సంతకి తీసుకెళ్ళరు. ఒక చీపురు పుల్ల తెచ్చి, పాదం కింద పెట్టి, మడమ నుండి వేలి దాకా కొలిచి విరుస్తారు. ఆ పుల్ల నాన్న చొక్కా జేబులో పెట్టుకుని కొండ దిగుతాడు. సంతలో ఆ పుల్లని చెప్పు మీద పెట్టి చూసి, కొంచెం మిగిలేటట్టు తీసుకొస్తాడు. మా అమ్మకి నంబర్లు చదవడం రాదు. అయినా ఆ పుల్లలతోనే మా నలుగురు పిల్లలకి ఇన్నేళ్ళు చెప్పులు తెప్పించింది. చెప్పుకి పుల్ల చాలు. ఎందుకంటే చెప్పు పక్కలకి తెరుచుకుని ఉంటుంది, వేళ్ళు ఎటు కావాలంటే అటు చాపుకోవచ్చు. బూటుకి అలా కాదు, నాలుగు పక్కలా గోడలే. పుల్ల పొడవు చెబుతుంది, వెడల్పు చెప్పదు. మనకి వచ్చే కష్టమంతా వెడల్పులోనే ఉంది.

చిన్నప్పటి నుండి ఉత్త కాళ్ళతో కొండ ఎక్కి దిగినవాళ్ళం. కట్టెలు, నీళ్ళు, పశువులు, అన్నిటికీ ఉత్త కాళ్ళే. అందుకని మన వేళ్ళు విడివిడిగా, విసనకర్రలాగా ఉంటాయి. నమ్మకపోతే తడికాళ్ళతో వరండా గచ్చు మీద నడిచి మీ అడుగు మీరే చూసుకోండి. ముందు వైపు ఎంత వెడల్పు, మడమ ఎంత సన్నం! అంగడిలో ఆడపిల్లల బూట్లు ముందు వైపే సన్నగా, కోసుగా కుడతారు. అందంగా ఉండాలని కాబోలు.

నేను బూట్లు కొన్నది పోయిన సంవత్సరం. డ్రిల్లు మేడమ్ నన్ను 1500 మీటర్లకి ఎంపిక చేశారు. మన గ్రౌండు చుట్టు 200 మీటర్లే కనుక అది ఏడున్నర చుట్లు. అమ్మ అడ్డాకులు కుట్టి సంతలో అమ్మిన డబ్బులు, నాన్న పసుపు అమ్మినప్పుడు పక్కన పెట్టినవి కలిపి 750 రూపాయలు అయ్యాయి. ఆ డబ్బు అమ్మ చీరకి దాచుకున్నది. ఆ సంగతి నాకు నాన్న చెప్పలేదు, చెల్లి చెప్పింది. కాబట్టి ఒకే జత. సరిపోకపోతే ఇంకోటి కొనే మాట లేదు.

పట్నంలో ఒక అంగడికి వెళ్ళాము. నాన్న తన చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. ఎవ్వరూ విప్పలేదు, నాన్న ఒక్కడే విప్పాడు. అంగడాయన ముందు గులాబి రంగు బూట్లు తీశాడు. 4 నంబరు, కాలు లోపలికే పోలేదు. 5 నంబరు తెచ్చాడు. పొడవు సరిపోయింది గాని చిటికెన వేలు మడత పడిపోయింది. 6 తెచ్చాడు. వెడల్పు కొంచెం నయం, కాని మడమ దగ్గర జారిపోతోంది. అప్పుడు ఆయన, "ఏటయ్యా నీ కూతురు కాళ్ళు ఇలాగున్నాయి! అడవిలో తిరిగే కాళ్ళకి బూట్లు ఎక్కడ పడతాయి?" అన్నాడు. అంగడిలో ఉన్న నలుగురూ నా కాళ్ళ వంకే చూశారు. నేను కాళ్ళు బల్ల కిందికి లాక్కున్నాను. నాన్న కోప్పడలేదు. "వేరే రకం చూపించండి బాబూ" అన్నాడు. మళ్ళీ, "వేరే రకం చూపించండి" అన్నాడు. మూడుసార్లు అన్నాడు, కూర్చున్న చోటు నుండి లేవలేదు.

ఈ మాట సైన్సు సార్ దగ్గర చెబితే ఆయన ఒక సంగతి చెప్పారు. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధన సంస్థ అని ఉంది. వాళ్ళు 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచారట. మన దేశస్తుల పాదాలు ఐరోపా, అమెరికా వాళ్ళ పాదాల కంటే వెడల్పు అని తేలిందట. మనం వాడే నంబర్లు ఇంగ్లాండు వాళ్ళవి. అందుకని మన పాదాలకి తగినట్టు 'భ' అనే పేరుతో కొత్త కొలతలు ఉండాలని వాళ్ళు సూచించారు. భ అంటే భారత్. అంటే ఇది ఒక్క కొండవాళ్ళ సంగతి కాదు. ఆ అంగడాయన కాళ్ళు కూడా కొలిస్తే ఏమి తేలేదో!

ఇంకో తమాషా. ఆ ఇంగ్లాండు నంబర్లు పూర్వం బార్లీ గింజ పొడవుని బట్టి పెట్టుకున్నవట. మూడు గింజలు వరసగా పెడితే ఒక అంగుళం. ఒక నంబరుకి, దాని తర్వాత నంబరుకి తేడా ఒక్క గింజ, అంటే అంగుళంలో మూడో వంతు. వాళ్ళు బార్లీ పండించారు కాబట్టి బార్లీ. మనవాళ్ళు పెట్టి ఉంటే సామ గింజతో కొలిచేవాళ్ళు, నా కాలు ఏ నూరో నంబరో అయ్యేది.

ఇంతకీ ఏం చేశామంటే, మగపిల్లల బూట్లు చూపించమని నేనే అడిగాను. అదే 5 నంబరు. కాలు పెట్టగానే వేళ్ళు విప్పారాయి! మగపిల్లల బూట్లు అదే నంబరులో ముందు వైపు వెడల్పుగా ఉంటాయి. నల్ల రంగు, నీలం గీత. అంగడాయన "ఆడపిల్లకి బాగోదు" అన్నాడు. పరుగెత్తి చూస్తానంటే, "బయట మట్టి అంటితే వెనక్కి తీసుకోను" అన్నాడు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి అంగడి గచ్చు మీద పరిచాడు. దాని మీద నేను ఉన్నచోటే పరుగెత్తి చూశాను. మడమ లేవలేదు, వేలు తగల్లేదు. 720 చెప్పి 650కి ఇచ్చాడు. మిగిలిన వందలో సాక్సులు, బస్సు చార్జీ.

ఇక్కడ హాస్టల్లో కొందరు వాటిని "మగ బూట్లు" అని ఎక్కిరించారు. ఎవరో పేర్లు రాయను, వాళ్ళకి తెలుసు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు నన్ను అడిగిన ఆరుగురిలో ఉన్నారు.

మీరు వెళ్ళినప్పుడు సాయంత్రం పూట వెళ్ళండి. పొద్దంతా నడిచాక కాలు కొంచెం ఉబ్బుతుంది, పరుగెత్తినప్పుడూ అంతే. పొద్దున్న సరిపోయిన బూటు సాయంత్రం బిగుస్తుంది. పందెం రోజు ఏ సాక్సులు వేసుకుంటారో అవే వేసుకుని తొడగండి. రెండు కాళ్ళకీ తొడగండి, ఎందుకంటే రెండు కాళ్ళు ఒక్కలా ఉండవు. నా ఎడమ కాలు పెద్దది. పెద్ద కాలుకే కొనాలి. లేచి నిలబడినప్పుడు అన్నిటికంటే పొడవైన వేలు ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి బొటనవేలి పక్క వేలు పొడవు, వాళ్ళు దాన్ని చూసుకోవాలి. ఆ ఖాళీ ఎందుకంటే, పరుగులో ముఖ్యంగా పల్లం దిగేటప్పుడు పాదం ముందుకి జారుతుంది. ఖాళీ లేకపోతే గోరు వెళ్ళి బూటుకి కొట్టుకుంటుంది. మా గదిలో అక్కకి పోయినేడు అలాగే రెండు బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. ఆమె 800 మీటర్లలో నాకంటే బాగా పరుగెత్తేది. ఇప్పుడు పరుగు మాటే ఎత్తదు.

అలాగని ఖాళీ మరీ ఎక్కువ ఉండకూడదు. మన ఇళ్ళలో "పెరిగే కాలు, రెండు నంబర్లు పెద్దది తీసుకో" అంటారు. గౌనుకి ఆ మాట సరే, మడిచి కుట్టుకోవచ్చు. బూటుని మడిచి కుట్టలేం కదా. పెద్ద బూటులో మడమ పైకీ కిందికీ ఆడి బొబ్బలు లేస్తాయి. ముందు గుడ్డలు కుక్కితే వేళ్ళు నొక్కుకుంటాయి. మడమ కొంచెమే జారుతుంటే చివరి రంధ్రం దాకా లేసు ఎక్కించి గట్టిగా కట్టండి, నిలుస్తుంది.

తర్వాత బూటుని చేత్తో వంచి చూడండి. మన పాదం వేళ్ళ మొదలు దగ్గర వంగుతుంది కదా, బూటు కూడా అక్కడే వంగాలి. నడిమధ్యలో పుస్తకంలాగా మడత పడితే వద్దు. వెనక మడమ పట్టే భాగం వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. అడుగున సోలు మీద గళ్ళు లోతుగా ఉన్నాయో లేదో చూడండి, మన గ్రౌండు వానకి ఎర్ర బురద అయితే నున్నటి సోలు నిలవదు. కంపెనీ పేరు పెద్దగా ఉన్నంత మాత్రాన కంపెనీది అనుకోవద్దు. ఆ పేర్లు సంతలో అన్ని బూట్ల మీదా ఉంటాయి, ఒక్కో అక్షరం తేడాతో. మేకుల బూట్లు రబ్బరు ట్రాకు మీద పరుగెత్తేవాళ్ళకి. మన గులకరాళ్ళ మీద వాటితో పని లేదు, అడిగి నాన్నని ఖర్చు పెట్టించవద్దు.

కొందరు అంటారు, మనకి బూట్లెందుకు, ఉత్త కాళ్ళే బలం అని. ఇథియోపియా దేశపు అబెబె బికిలా గారు 1960లో రోమ్ ఒలింపిక్సులో మారథాన్, అంటే 42 కిలోమీటర్లకి పైన, ఉత్త కాళ్ళతో పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచారు. నిజమే. కాని ఆయనే 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని, 2 గంటల 12 నిమిషాల చిల్లరలో మళ్ళీ గెలిచారు. మొదటి సంగతి అందరూ చెబుతారు, రెండోది ఎవరూ చెప్పరు. నాకు రెండూ ఇష్టమే. మా ఊరి బాటలో నేను ఇప్పటికీ ఉత్త కాళ్ళతోనే పరుగెత్తుతాను, ఏ రాయి ఎక్కడుందో నా కాలికి తెలుసు. ఊరు కాని ఊళ్ళో గాజు పెంకులు ఎక్కడున్నాయో కాలికి ఎలా తెలుస్తుంది?

మన దేశంలో స్వప్నా బర్మన్ అక్క ఉంది. పశ్చిమ బెంగాల్ జల్పాయిగుడి, వాళ్ళ నాన్న రిక్షా తొక్కేవారు. ఆమెకి ఒక్కో పాదానికి ఆరు వేళ్ళు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ అనే పోటీలో, అంటే పరుగులు, దూకుళ్ళు, విసురుళ్ళు కలిపి ఏడు ఆటల్లో, బంగారు పతకం తెచ్చింది. ఆ ఆటలో ఆసియా బంగారం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే. మామూలు బూట్లలో ఆరు వేళ్ళు నొక్కుకుని నొప్పి పెడుతుంటే అలాగే ఆడింది. గెలిచాక ఆమె ఏం అడిగిందో తెలుసా? తన పాదాలకి సరిపోయే బూట్లు కుట్టి ఇమ్మని అందరి ముందూ అడిగింది. సిగ్గుపడలేదు. ఈ సంగతి డ్రిల్లు మేడమ్ చెప్పిన రోజు నాకు అంగడిలో బల్ల కింద దాచుకున్న కాళ్ళు గుర్తొచ్చాయి.

కొన్నాక ఏం చెయ్యాలో కూడా రెండు మాటలు. కొత్తవి పందెం రోజే వేసుకోకండి, వారం పది రోజులు ముందు నుండి వేసుకుని నడిచి, పరుగెత్తి కాలికి అలవాటు చేయండి. తడిస్తే వంటశాల పొయ్యి దగ్గర పెట్టకండి, వేడికి జిగురు ఊడి సోలు నోరు తెరుస్తుంది. లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి నీడన ఆరబెట్టండి. పేపర్లు లైబ్రరీలో అడిగి తీసుకోండి, అడగకుండా ఈ గోడ పత్రిక చింపకండి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మనకి ఇచ్చే బూట్లకి నంబర్లు తరగతి లెక్కన రాసి పంపుతున్నారు. ఎనిమిదో తరగతి అంటే ఇంత, తొమ్మిది అంటే ఇంత అని. మా తరగతిలోనే 3 నంబరు కాలు ఉంది, 7 నంబరు కాలూ ఉంది. ఈసారి నంబర్లు పంపే ముందు ఒక్కసారి మా కాళ్ళు కొలిపించగలరని, వెడల్పు కాళ్ళవాళ్ళకి మగపిల్లల రకం తెప్పించగలరని కోరుచున్నాము. కొలిచే పని మేమే చేస్తాము, పేర్లతో పట్టీ రాసి ఇస్తాము.

దానికోసం ఆదివారం సాయంత్రం, ప్రార్థనకి ముందు, పంపు పక్క వరండాకి అందరూ రండి. పాత నోటుబుక్కులో కాగితం ఒకటి, పెన్సిలు ఒకటి తెచ్చుకోండి. కాగితం మీద బరువంతా వేసి నిలబడాలి, ఇంకొకరు పాదం చుట్టూ గీత గీయాలి. వేళ్ళ మొదలు దగ్గర చుట్టుకొలతకి దారం నా దగ్గర ఉంది. స్కేలు చిన్నది, ఎవరి దగ్గరైనా పెద్ద స్కేలు ఉంటే తేవాలి. కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని రండి.

– 9వ తరగతి విద్యార్థిని