అచ్చువేసిన ఎలుక

పిల్లలూ! పుస్తకాలు అచ్చువేస్తారని మీకు తెలుసు. మరి ఎలుకను అచ్చువేస్తారని ఎప్పుడైనా విన్నారా? నేనూ మొన్నటిదాకా వినలేదు.

నేను జంతుశాస్త్రం చదివే రోజుల్లో ఒకనాడు నా ముందు ఒక కప్పను వుంచారు. దానికి మత్తుమందు ఇచ్చారు. పొట్ట కోసి, కొట్టుకొంటున్న గుండెను చూడాలి. నా చెయ్యి వణికింది. కత్తెర మొన లోతుగా దిగి, రక్తనాళం తెగింది. మాస్టారు నన్నేమీ అనలేదు. "ఇంకొకటి తీసుకో," అన్నారు, అంతే. తప్పు నాది, ప్రాణం కప్పది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో వున్నది.

తరవాత నేనే పంతుల్నయి, ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను. పలక మీద తప్పు రాస్తే, చెరిపి మళ్ళీ రాయమనేవాణ్ణి. కాని ప్రాణం పలక కాదు గదా!

మొన్న తార్నాకలో నా పాత శిష్యురాలి ఇంటికి వెళ్ళాను. ఆమె ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నది. బల్ల మీద తెల్లని ఎలుక ఒకటి కదలక మెదలక వుండటం చూసి గతుక్కుమన్నాను.

"భయపడకండి, మాస్టారూ! ఇది అచ్చువేసినది," అని ఆమె నవ్వింది.

దాన్ని ఎలా చేస్తారంటే, ముందు కంప్యూటరులో ఎలుక ఆకారం గీస్తారు. ఒక యంత్రం కరిగిన ప్లాస్టిక్కును సన్నని పొరగా పరిచి, దాని మీద మరొక పొర, ఆపైన ఇంకొకటి వేస్తూ పోతుంది. నిజం ఎలుకకు తోక ఇరుపక్కలా సిరలుంటవి. వాటిలోకి సూదిమందు ఎక్కిస్తారు. ఈ బొమ్మకు సిరలకు బదులు సన్నని రబ్బరు గొట్టాలు, వాటిలో ఎర్రనీళ్ళు వున్నవి. సూది సరిగా దిగితే ఎర్రనీళ్ళు పైకి వస్తవి.

నేనూ ప్రయత్నించాను. మూడుసార్లు గురి తప్పింది, నాలుగోసారి ఎర్రనీళ్ళు కనిపించినవి. మూడు తప్పులు చేసినా ఎవరికీ నొప్పి కలగలేదు!

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు మూడు మాటలు చెప్పారు: వీలైతే జంతువుకు బదులు మరొకటి వాడండి, తప్పకపోతే తక్కువ వాడండి, బాధ తగ్గించండి. 1960లో మన దేశంలో వచ్చిన జంతుహింస నివారణ చట్టం కూడా, కళాశాలల్లో పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో సరిపోయేచోట జంతువుల మీద ప్రయోగాలు మానాలని చెప్పింది. 2014లో యూజీసీ జంతుశాస్త్ర పాఠాల్లో కోతలే వద్దన్నది.

అయితే బొమ్మ అన్నీ నేర్పదు. అది ఊపిరి తియ్యదు, భయపడి గింజుకోదు. కొన్ని పరిశోధనల్లో నిజమైన ఎలుకను పట్టుకోక తప్పదు. కాని అప్పటికి ఆ చెయ్యి వణకటం మానివుంటుంది.

పిల్లలూ, నేర్చుకొనేవాడు తప్పు చెయ్యక మానడు. ఆ తప్పు ఎవరి మీద పడుతున్నదో మాత్రం చూసుకోవాలి.