చీర గార్డు

"బండి ఎవరికండీ?" అని అడిగాడు అమ్మే అతను, మా తమ్ముణ్ణి చూస్తూ. నాకే అన్నాను. "అది సరే, తోలేదెవరు?" అన్నాడు, మళ్ళీ తమ్ముడితోనే. మా పిన్ని కొడుకు బీకాం చదివాడు. బ్యాటరీ స్కూటరు తప్ప మరోటి తోలి ఎరగడు. ఆ అరగంటా అతను చెప్పిందంతా వాడే బుద్ధిగా తలూపుతూ విన్నాడు. నేను ఆర్‌సీ తిరగేసి, పక్కకెళ్ళి ఇంజను మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది.

పాత టూస్ట్రోక్ బండి కొనేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది అదేనని ఎక్కడో చదివాను. వేడెక్కిన ఇంజను ఒక్క కిక్కుకే లేస్తుంది. జబ్బులన్నీ చల్లారాకే బయటపడతాయి. "రేపు పొద్దున వస్తాం, అందాకా స్టార్ట్ చెయ్యకండి" అన్నాను. మర్నాడు పదకొండు కిక్కులు పట్టింది. ఏడు వేలు తగ్గించాడు. బేరమాడింది తమ్ముడేనని మా వీధిలో ఇప్పటికీ అనుకుంటారు.

కంకిపాడు బందరు రోడ్డు మీదుంది, బస్సులకి కొదవలేదు. కానీ నా పని రోడ్డు మీద కాదు. నేను సేకరిస్తున్న నాట్ల పాటలు పాడేవాళ్ళు పొలాల్లో ఉంటారు. వాళ్ళ దగ్గరికి దారి పుంతలూ, కాలవ గట్లూ. తొలకరి పడ్డాక ఆ నల్లరేగడిలో స్కూటీ చిన్న చక్రాలు దిగబడిపోతాయి. ఇలాంటి దారుల కోసమే కొన్ని దేశాల్లో ఎత్తు మడ్‌గార్డులతో, తేలికపాటి మోటార్ సైకిళ్ళు తయారుచేశారు. నాకు అందుబాటులో ఉన్నది యమహా ఆర్ఎక్స్ 100. 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. 98 సీసీ. బరువు వంద కిలోలకి కాస్త ఎక్కువ, అంటే పడిపోతే ఎవర్నీ పిలవకుండా లేపుకోగలను. నేను చూసుకున్నది ముఖ్యంగా అదే.

కాగితాల పని చెప్పుకోదగ్గదేం కాదు. 29, 30 ఫారాలు, పదిహేనేళ్ళు దాటిన బండి కనక రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూసుకోవడం, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆర్‌సీతో సరిపోల్చుకోవడం. అడ్డుపడింది నా లైసెన్సే. దాని మీద 'గేర్లు లేని మోటార్ సైకిల్' అని ఉంది. పద్ధెనిమిదేళ్ళప్పుడు మా క్లాసు అమ్మాయిలందరం తీసుకున్నది అదే. అబ్బాయిల్లో ఒక్కడూ ఆ రకం తీసుకోలేదు. మేమెవరం ఎందుకని అడగనూ లేదు. మళ్ళీ లెర్నింగ్ లైసెన్సు తీసుకుని, ముప్పై దాటాక, ఇంటరు పిల్లల వెనక లైన్లో నిలబడి ఎనిమిది వేశాను.

బండిని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాం. మేస్త్రి నాకు నీడలో కుర్చీ వేయించాడు. కాసేపటికి లేచి వెళ్ళి ఆయన పక్కన పీట మీద కూర్చున్నాను. "చదువుకున్నోళ్ళు, ఈ మసి మీకెందుకమ్మా" అన్నాడు గానీ పొమ్మనలేదు. మూడు రోజులు కూర్చున్నాను. ఫోర్‌స్ట్రోక్ ఇంజనుకి నూనె అడుగున వేరే ఉంటుంది, అక్కణ్ణించే తిరుగుతూ ఉంటుంది. టూస్ట్రోక్‌లో నూనె పెట్రోలుతో పాటే లోపలికి పోయి, పిస్టన్‌ని తడిపి, తనూ కాలిపోతుంది. వెనక వచ్చే నీలి పొగ అదే. ఆర్ఎక్స్‌లో ఆ నూనెని కొలిచి పంపడానికి ఒక పంపు ఉంటుంది. నా బండికి అది పీకేసి ఉంది.

"ట్యాంకులోనే లీటరుకి నలభై ఎమ్మెల్ టూటీ ఆయిల్ కలపాలి. ఉత్త పెట్రోలు పోయించుకుని ఎక్కుంటే పిస్టన్ పట్టేసేది. స్పీడు మీద వెనక చక్రం బిగుసుకుపోతే ఇంకేమన్నా ఉందా?" అన్నాడు మేస్త్రి. అమ్మినతను చెప్పనేలేదే అని మండిపడ్డాను. తమ్ముడు నెత్తి గోక్కున్నాడు. "నలభై ఎమ్మెల్ అని ఏదో అన్నాడక్కా. మందు గురించేమో అనుకున్నా."

చెప్పాడన్నమాట. తోలేదాన్ని వదిలేసి, తోలనివాడికి చెప్పాడు.

పిస్టన్ మీద అప్పటికే గీతలు పడ్డాయి. బోరు చేయించి పై సైజు పిస్టన్ వేశారు. సైలెన్సర్‌లో పేరుకున్న మసిని నేనే గీకాను. ప్లగ్గు విప్పి రంగు చూడ్డం నేర్చుకున్నాను. బిస్కెట్ రంగైతే మంచిది, నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలో నూనో ఎక్కువవుతోంది, తెల్లబడితే పెట్రోలు చాలక ఇంజను కాగిపోతోంది. తర్వాత వెనక్కి బొడిపెల టైరు వేశాం. ముందు మడ్‌గార్డుని రెండు వేళ్ళ మందం పైకి జరిపించాం, లేకపోతే రేగడి ఇరుక్కుని చక్రం తిరగదు. చివరికి ఆయన వెనక చక్రం పక్కనున్న చీర గార్డు చూపించి, "ఇది తీసేద్దాం, బురదంతా దీన్లోనే. మీరెలాగూ ముందే కూర్చుంటారుగా" అన్నాడు.

ఆ గార్డూ, పక్కకి కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే కమ్మీ, చేత్తో పట్టుకునే కడ్డీ... మోటార్ సైకిల్‌కి వెనక కూర్చునేవాళ్ళ కోసం ఇవి ఉండాలని చట్టమే చెబుతుంది. తప్పేం లేదు, ప్రాణాలు కాపాడతాయి. కానీ ఆడది ఎక్కడ కూర్చుంటుందో బండి తయారైనప్పుడే తేల్చేసినట్టుంది. మా నాన్న రాజ్‌దూత్ మీద అమ్మ ఇరవై ఏళ్ళు తిరిగింది, ఒక చేత్తో ఆ కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుని. స్పీడోమీటర్ ముల్లు కదలడం ఒక్కసారి కూడా చూళ్ళేదు.

1991లో తమిళనాడు పుదుక్కోట జిల్లాలో మొదలైన అక్షరాస్యతా ఉద్యమం వేలమంది ఆడవాళ్ళకి సైకిల్ నేర్పింది. లేడీస్ సైకిళ్ళు చాలక వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారనీ, ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే ఇష్టపడ్డవాళ్ళూ ఉన్నారనీ పి. సాయినాథ్ రాశారు. నాకా కడ్డీ ఎప్పుడూ చీరకి అడ్డంగానే కనబడింది.

గార్డు తీసెయ్యలేదు. చేత్తో తిప్పి ఊడదీసుకునే నట్లు పెట్టించాను.

మొదటి వానకి పుంతలో దిగబడ్డాను. నాట్లేస్తున్నవాళ్ళు నలుగురొచ్చి లాగారు. ఒకావిడ పుల్లతో చక్రంలో బురద తీస్తూ, "మా ఇంట్లోనూ ఉందమ్మా బండి. డ్వాక్రా లోను నా పేర్నే తీశాడు, వాయిదా కట్టేదీ నేనే. నేనెక్కేది ఆసుపత్రికి పోయేటప్పుడు" అంది. మిగతావాళ్ళు నవ్వారు. నాకేమనాలో తోచలేదు. ఆ పూట పాట అడగలేదు.

మొన్న గార్డు బిగించి, అమ్మని ఎక్కమన్నాను. అలవాటుగా పక్కకే కూర్చుని, కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి నా భుజం మీద గట్టిగా వేసింది. బండి కదిలింది. గేరు మార్చాను. "ఇప్పుడేం చేశావు?" అంది. క్లచ్ సంగతి చెప్పాను. మళ్ళీ మార్చాను. "ఇప్పుడు?"

కంకిపాడు సెంటరు దాకా చెబుతూనే ఉన్నాను.